కరెంటు మేళం

సింథసైజర్ అడుగురేకు ఊడదీసిన రూతుకి లోపల కనిపించింది దుమ్మూ తుప్పూ కాదు, వందలకొద్దీ చీమల శవాలు.

అన్నీ ఒక్కచోటే ఉన్నాయి. మీటల వరసకి సరిగ్గా కింద, ఆకుపచ్చ బోర్డు మీద అరచెయ్యంత మేర గోధుమరంగు పెచ్చు కట్టింది. ఆ పెచ్చులో కూరుకుపోయి, కాళ్లు ముడుచుకుని, ఏనాడో చచ్చి ఎండిపోయాయి. మిగతా బోర్డంతా శుభ్రంగానే ఉంది, మూలన రెండు బల్లిగుడ్ల పెంకులు తప్ప.

"ఏవైందండీ మేడంగారూ, అలా ఉండిపోయేరు?"

నాగదుర్గాప్రసాద్ బల్ల మీదికి వంగాడు. అమలాపురంలో అతనికి ఫోటో స్టూడియో ఉంది. దానికంటే అతను గర్వంగా చెప్పుకునేది ఇంకొకటుంది: మెరుపుతీగ వాద్యబృందం అభిమాన సంఘానికి కార్యదర్శి. పొద్దున్నే ఈ పెట్టెని ఆటోలో పసిపిల్లలా ఒళ్లో పెట్టుకుని పాలిటెక్నిక్‌కి తెచ్చి, ఎలక్ట్రానిక్స్ లాబ్‌లో లెక్చరరు రూతు ముందు దింపాడు.

"చీమలండి," అంది రూతు.

"ఓస్, అంతేనా. ఊదేస్తే పోతాయి. ఆదివారం మా సంఘం సభ నాటికి ఒక్క స్వరం పలికితే చాలండి. మురళీమోహన్ గారి చేత ఒక్క మీట నొక్కిస్తాం. హాలు హాలంతా ఏడుస్తుంది. మావాళ్లు కొందరు ఇప్పట్నించే ఏడుస్తున్నారండి."

"మూగబోయిన పెట్టె కోసమా?"

"అలా అనకండి. పందిట్లో సన్నాయీ డోలూ తప్ప ఎరగని రోజుల్లో, పాడేవాళ్లు లేకుండా, డప్పు లేకుండా, నలుగురు మనుషులు నాలుగు పెట్టెలతో గోదావరిని పలికించేరండి. మా తాత కరెంటు మేళం అనేవోడు. కరెంటు పోతే మేళం పోయేది. జనం మాత్రం కదిలేవోరు కాదు. అలాగే కూచుని కరెంటు కోసం చూసేవోరు. ఇంకో మేళానికి ఉందాండీ ఆ భోగం?" ప్రసాద్ ఊపందుకున్నాడు. "మా దగ్గర పదకొండు కేసెట్లున్నాయి. రాజోలు కేసెట్లో పంటు పాట మధ్యలో కుక్క మొరుగుతుంది. కుక్క ఉన్నదే అసలుదని కొందరు, కుక్క లేనిదే అసలుదని కొందరు. ఆ గొడవలో గ్రూపులోంచి ఇద్దర్ని తీసెయ్యాల్సొచ్చిందండి."

రూతు నవ్వలేదు. అతను బల్ల మీద పెట్టిన ఆహ్వానపత్రిక వైపు చూస్తోంది. పసుపురంగు మెరుపు కింద మూడు ఫోటోలు.

"నలుగురన్నారు. ఫోటోలు మూడే ఉన్నాయి."

ప్రసాద్ మెడ రుద్దుకున్నాడు. "మీకు తెలియంది ఏవుందండీ. నాలుగో ఆయన మాస్టారు. పెట్టె వాయించింది ఆయనే గాని, పెట్టె మురళీమోహన్ గారిది. బృందం ఆయనది. మాస్టారి ఫోటో పెడితే నేను రానన్నారు. ఆలమూరు శ్రీరామనవమి పందిట్లో జరిగింది ఆయన మర్చిపోలేదు."

"ఏం జరిగింది?"

"నా నోటితో చెప్పించకండి."

"చెప్పండి. ఊరంతా చెప్పుకున్నదేగా."

"మాస్టారు ఆవేళ కొంచెం పుచ్చుకుని వచ్చేరని... ఆ గ్లాసేదో మెషీన్ మీద ఒలికిందని... మద్రాసు నించి కేసెట్ కంపెనీవాళ్లు వచ్చి ముందు వరసలో కూచున్నారు కదండీ. వాళ్ల ముందే పరువు పోయింది. ఆ పందిరితోనే బృందం ఆఖరు."

"ప్రకాశరావు మాస్టారు మా నాన్నగారని తెలిసే నా దగ్గరికి తెచ్చారా?"

"తెలిసేనండి. ఇంకెవరు విప్పుతారు దీన్ని? రాజమండ్రిలో మెకానిక్ తూకానికి కొంటానన్నాడు." ప్రసాద్ గొంతు తగ్గింది. "నాకు మాత్రం మాస్టారంటే ప్రాణవండి. ఆ పంటు పాట కట్టింది ఆయనే. కానీ ఏం చెయ్యను చెప్పండి?"

రూతు పెన్సిల్ మొనతో పెచ్చుని మెల్లిగా గీకింది. ఒక చీమ ఊడి బల్ల మీద పడింది.

"సారాకి చీమలు పడతాయా ప్రసాద్ గారూ?"

అతను చీమని చూశాడు. రూతుని చూశాడు.

"దీన్ని పలికించే పూచీ నాది. ఇది సారా కాదని తేలితే నాలుగో ఫోటో పెట్టించే పూచీ మీది."

"నా చేతిలో ఏవుందండీ? మురళీమోహన్ గారు ఒప్పుకోవాలి."

"ఆయన్ని నేను అడుగుతాను," అంది రూతు.

*

బుధవారం సాయంత్రం కనుక బుల్లిరాజు వచ్చి ఉన్నాడు.

అంబాజీపేటలో కొబ్బరి వ్యాపారం అతనిది. ప్రతి బుధవారం సైకిలు మీద, తరవాత మోపెడ్ మీద, ఇప్పుడు బులెట్ మీద, నాలుగు కాయలు సంచిలో వేసుకుని మాస్టారింటికి రావడం రూతుకి ఊహ తెలిసినప్పట్నించీ ఉన్నదే. కుర్చీ వేస్తే కూర్చోడు. అరుగు మెట్టు మీదే కూర్చుంటాడు. బృందం పోయాక మాస్టారి గుమ్మం తొక్కిన అభిమాని అతనొక్కడే. అందుకే, చిన్నప్పుడు చర్చిలో అందరి కోసం ప్రార్థన చేసేటప్పుడు, రూతు ఇంట్లోవాళ్ల పేర్ల తరవాత బుల్లిరాజు పేరు కూడా చెప్పేది.

"పచ్చడికి కాయ కావాలన్నావంటగా రూతమ్మా," అంటూ సంచిలోంచి కాయ తీసి చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు. ఎడమ అరచేతిలో పెట్టుకుని, కత్తి వెనక్కి తిప్పి ఒక్క దెబ్బ వేశాడు. కాయ నిలువునా కాకుండా అడ్డంగా, గీత గీసినట్టు పగిలింది. నీళ్లు గ్లాసులోకి వంచాడు. ఒక్క చుక్క కింద పడలేదు.

మాస్టారు గ్లాసు అందుకుని మెల్లిగా తాగాడు. "తియ్యగా ఉన్నాయి రాజూ," అన్నాడు. ప్రతి బుధవారం అనే మాటే.

డెబ్భైమూడేళ్ల ప్రకాశరావు మాస్టారికి ఎడమ చెవి పూర్తిగా పోయింది. కుడి చెవి దగ్గర గట్టిగా చెప్పాలి. అయినా చేతివేళ్లు మాత్రం ఎప్పుడూ ఏదో ఒకటి తుడుస్తూనే ఉంటాయి. ఇప్పుడు మందుల షాపులో కొన్న స్పిరిట్ సీసాలో దూది ముంచి కళ్లద్దాలు తుడుస్తున్నాడు.

"నాన్నా, మెరుపుతీగ పెద్ద పెట్టె మా లాబ్‌కి వచ్చింది," అంది రూతు కుడివైపు వంగి.

దూది ఆగింది.

"మధ్య స్థాయిలో గాంధారం మీట బిగువుగా ఉంటుంది," అన్నాడు మాస్టారు. "గట్టిగా నొక్కకు. పక్కనించి నొక్కాలి."

"అడుగు బోర్డు మీద ఏదో ఒలికి ఎండిపోయింది నాన్నా. చీమలు పట్టి చచ్చిపోయాయి. ఆ రోజు ఏం జరిగింది?"

"స్వరం జారిపోయింది."

"ఎలా?"

"తెలీదమ్మా. రెండు పాటలు బాగానే పలికింది. మూడోది పంటు పాట. కోటిపల్లి రేవులో జనాన్ని ఎక్కించుకున్న పంటు, దాన్ని లాగే లాంచీ కూత, ఇంజను, నీళ్లు తోసుకోవడం... నడిగోదావరికి వచ్చేసరికి ఒక్కో స్వరమే కిందికి జారడం మొదలెట్టింది. ఎంత తిప్పినా ఆగలేదు. జనం చప్పట్లు కొట్టేరు. పంటు మునిగిపోతున్నట్టు వాయిస్తున్నాననుకున్నారు." నవ్వబోయి మానేశాడు. "తరవాత తెలిసింది వాళ్లకి. తరవాత సంగతి నీకూ తెలుసు."

సంగతి రూతుకి తెలుసు. ఆ తరవాతి ఆదివారం చర్చి సంఘపెద్దలు ఇంటికొచ్చి, కొన్నాళ్లు ఆరాధనలో హార్మోనియం వేరేవాళ్లు వాయిస్తారని చెప్పి వెళ్లారు. ఆ కొన్నాళ్లు ఇంకా అవలేదు.

"తాగలేదని గట్టిగా చెప్పకపోయావా నాన్నా?"

"చెప్పేను. చెప్పినప్పుడల్లా దగ్గరికొచ్చి వాసన చూసేవారు." మాస్టారు కళ్లద్దాలు పెట్టుకున్నాడు. "అప్పట్నించి చెప్పడం మానేశాను."

బుల్లిరాజు రెండో కాయ అరచేతిలో పెట్టుకుని ఉన్నాడు. కత్తి పైకెత్తాడు. ఎత్తిన కత్తిని అలాగే దించేశాడు.

"ఈ కాయ కుళ్లినట్టుందమ్మా," అని సంచిలో వేసుకున్నాడు. "వచ్చే వారం మంచిది తెస్తాను."

*

పెచ్చులో సగాన్ని రూతు చాకుమొనతో ఊడదీసి గాజుపలక మీద దాచింది. పక్కగది కెమిస్ట్రీ లాబ్‌లోంచి కృపావతి వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"కాలేజీలోకి సారా తెచ్చిన మొదటి లెక్చరరమ్మవి నువ్వేనే. ప్రిన్సిపాల్ చూస్తే ఇద్దరికీ మెమో. సగం నాకు దాచు."

బల్ల మీద నాలుగు పాత బోర్డులు వరసగా ఉన్నాయి. ఒకదాని మీద సారా, ఒకదాని మీద బ్రాందీ, ఒకదాని మీద కూల్‌డ్రింకు, ఒకదాని మీద కొబ్బరినీళ్లు. పైన వేడి దీపం. గురువారం మధ్యాహ్నానికి నాలుగూ ఆరిపోయాయి. సారా పోసిన బోర్డు ఏమీ పొయ్యనట్టే మెరుస్తోంది. బ్రాందీ పల్చటి మరక వదిలింది. కూల్‌డ్రింకు నల్లగా జిగురు కట్టింది. నాలుగోది గోధుమరంగులో పెచ్చు కట్టి, ఎండిన చెరువు మట్టిలా బీటలు వారింది. శుక్రవారం పొద్దున వచ్చేసరికి కిటికీ మీంచి చీమల బారు తిన్నగా దాని దగ్గరికే పోతోంది.

"చీమల సాక్ష్యం కోర్టులో చెల్లదు," అంది కృపావతి. "ఉండు." పాత పెచ్చు ముక్కని ఆసిడ్‌లో తడిపి, తీగ కొసన పెట్టి మంటలో ఉంచింది. నీలిగాజు పలకలోంచి చూసి రూతుకి అందించింది. మంట ఊదారంగులో వెలుగుతోంది. "పొటాషియం. నీ పెట్టె మీద పోసింది మందూ కాదు, మాకూ కాదు. కొబ్బరినీళ్లు అయ్యుండొచ్చు. కానీ ఇంకా గట్టి ఆధారం కావాలి."

ఆ ఆధారం భూతద్దం కింద దొరికింది. పెచ్చు మధ్యలో అంగుళంలో సగం పొడుగున ఒక కొబ్బరి పీచు. దాన్ని అంటుకుని గసగసాలంత ఎర్రటి నలుసు. కృపావతి దాని మీద నిమ్మరసం చుక్క వేసింది. ఎరుపు విరిగి పసుపయింది.

"కుంకం," అన్నారిద్దరూ ఒకేసారి.

ఎవరో మనిషి ఈ పెట్టెకి బొట్టు పెట్టి, కాయ కొట్టి, నీళ్లు పోశాడు. అభిషేకం చేశాడు.

రూతు స్పిరిట్‌లో బ్రష్షు ముంచి, బోర్డు మీద మిగిలిన పెచ్చు కడగడం మొదలుపెట్టింది. గంటన్నర పట్టింది. తుప్పు తిన్న తీగల చోట కొత్త తీగలు అతికింది. నాలుగు భాగాలు మార్చింది. మీటల అడుగున ఇత్తడి రేకులు ఒక్కొక్కటీ దూదితో తుడిచింది. అవి మాత్రం వింతగా మెరుస్తున్నాయి. ఎవరో చాలా శ్రద్ధగా, చాలాసార్లు తుడిచినట్టు.

కృపావతి బ్యాగు సర్దుకుంటూ ముక్కు ఎగబీల్చింది. "ఒసేయ్, నీ దగ్గర మందువాసన గుప్పుమంటోంది. ఇలాగే బస్సెక్కావంటే కండక్టరు నా వంక చూస్తాడు."

రూతు చేతులు వాసన చూసుకుంది. దూది. స్పిరిట్. కళ్లద్దాలు తుడిచే నాన్న. ప్రతి ప్రోగ్రాంకి ముందూ మీటల అడుగు రేకులు తుడిచే నాన్న.

"ఇదేనే," అంది. "ముప్పయ్యేడేళ్లు ఆయన్ని తాగుబోతన్న వాసన ఇదే."

*

జొన్నాడ దాటి లోపలికి, ఆలమూరు దారిలో మురళీమోహన్ ఇల్లు. శనివారం పదిగంటలకి వసారాలో పేపరు చదువుతూ దొరికాడు. పంచె అంచు నలగలేదు. రూతు చెప్పినదంతా, ఆమె ఒక కాగితం మీద వరసగా రాసుకొచ్చినదంతా, అడ్డు చెప్పకుండా విన్నాడు.

"నా పెట్టె మీద నేను కొబ్బరినీళ్లు పోసుకుంటానా అమ్మా? సింగపూరు నించి తెప్పించుకున్న పెట్టె. ముట్టుకుంటే అరిగిపోద్దని గుడ్డ కప్పి ఉంచేవోణ్ణి."

"మీరు పోశారనడం లేదండి. మా నాన్న పొయ్యలేదంటున్నాను."

"తాగేడని నేను ఎప్పుడన్నాను? వాసనొచ్చిందన్నాను. అంతే."

"ఆ మాట చాలిందండి."

మురళీమోహన్ పేపరు మడిచాడు. విప్పాడు. మళ్లీ మడిచాడు.

"ఆ రోజు నీకేం తెలుసమ్మా? కేసెట్ కంపెనీ ఆయన లేచి వెళ్తూ నా భుజం తట్టి, మంచి కాలక్షేపం అన్నాడు. కాలక్షేపం! ఐదేళ్ల కష్టం. ఎవరో ఒకర్ని అనకపోతే నేను బతకలేకపోదును." అని తనే ఉలిక్కిపడ్డట్టు ఆగాడు. గొంతు సవరించుకున్నాడు. "నువ్వు చదువుకున్నదానివి. నీ కాగితం నిజవే అయ్యుండొచ్చు. కానీ కూతురివి. కూతురు తెచ్చిన సాక్ష్యం ఎవడు నమ్ముతాడు? పోసినవాడు వచ్చి నేనే పోసేనంటే అప్పుడు నాలుగో కుర్చీ నా చేత్తో వేస్తాను."

"పెట్టె దగ్గర ఆవేళ ఎవరున్నారండి?"

"పొద్దుగూకే ముందు నలుగురం టిఫినుకి వెళ్లేం. కాపలాకి ఎవరో అభిమానిని మీ నాన్నే కూచోబెట్టేడు. పేరు నాకేం గుర్తుంటుంది? ఎక్కడ ప్రోగ్రాం ఉంటే అక్కడికి సైకిలు తొక్కుకుని వచ్చేవోడు. ఎప్పుడూ హేండిలుకి కొబ్బరికాయలు వేలాడుతుండేవి."

రూతు లేచి నిలబడింది. నమస్కారం పెట్టిందో లేదో ఆమెకే తెలీదు.

జొన్నాడ దగ్గర బస్సు కోసం నిలబడితే ఎదురుగా రోడ్డు పక్కన బొండాలు కొట్టేవాడు కత్తి ఎత్తుతున్నాడు. ఎత్తిన కత్తి. దించిన కత్తి. కుళ్లినట్టుందమ్మా అని సంచిలోకి పోయిన కాయ. కొబ్బరిలో పుట్టి పెరిగినవాడు చెవి దగ్గర పెట్టి ఊపకుండానే కాయ కుళ్లిందని చెప్పాడు.

తాను ప్రార్థనలో చెప్పిన పేరు గుర్తొచ్చింది. బస్సు వచ్చింది. రూతు ఎక్కలేదు. తరవాతి బస్సూ ఎక్కలేదు.

*

ఆదివారం మధ్యాహ్నం మూడింటికే కల్యాణమండపం నిండిపోయింది. నెరిసిన జుట్లు, కొత్త చొక్కాలు, వెనక మెరుపుబొమ్మ అచ్చేసిన ఒకే రకం టీషర్టులు. ఒక మూల ఇద్దరు పెద్దమనుషులు కుక్క గురించి ఇంకా వాదించుకుంటున్నారు. స్టేజీ మీద మూడు కుర్చీలు, బల్ల మీద పెట్టె.

మాస్టారు రానన్నాడు. రూతు ఒకటే మాట అంది: "గాంధారం ఇంకా బిగువుగానే ఉంది నాన్నా. నాకు చేతకావట్లేదు." ఆయన చొక్కా మార్చుకుని వచ్చాడు. హాలు ఖాళీగా ఉన్నప్పుడే మీటని పక్కనించి నాలుగుసార్లు నొక్కి చూశాడు. సరిచేశాడు. తరవాత ఎవరూ రమ్మనకుండానే దిగిపోయి, ఆఖరి వరసలో గోడ పక్క కుర్చీలో కూర్చున్నాడు. వినిపించని చెవి స్టేజీ వైపు ఉంది.

బుల్లిరాజు మెట్ల దగ్గర నిలబడి ఉన్నాడు. తెల్లచొక్కా, భుజాన తువ్వాలు.

"ఈ పెట్టె కాస్త ఇటు జరపాలి. ఓ చెయ్యి వెయ్యండి," అంది రూతు.

అతను రెండడుగులు వెనక్కి వేశాడు. "వద్దమ్మా. నేను ముట్టుకోను."

"ఎప్పుడూ ముట్టుకోలేదా?"

బుల్లిరాజు భుజం మీద తువ్వాలు సర్దుకున్నాడు.

"బోర్డు మీద కుంకం కూడా దొరికింది బుల్లిరాజు గారూ."

అతను స్టేజీ వంక చూశాడు. తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు. రూతు అంతకుమించి ఒక్క మాట అనలేదు. చేతిలో కాగితం నాలుగు మడతలు పెట్టుకుని నాన్న పక్కకి వెళ్లి కూర్చుంది. అభిమానుల జ్ఞాపకాలు అయ్యాక మైకు ఐదు నిమిషాలు తనకి ఇస్తానని ప్రసాద్ ఒప్పుకున్నాడు. కూతురు తెచ్చిన సాక్ష్యం. ఎవరు నమ్మినా నమ్మకపోయినా చదివితీరాలని నిశ్చయించుకుంది.

మురళీమోహన్ మీట నొక్కాడు. పలికింది ఒక్క స్థాయే. అయినా లాంచీ కూతలా ఆ బొంగురు స్వరం స్పీకర్లలోంచి రాగానే హాలు నిశ్శబ్దమయిపోయింది. టీషర్టుల్లో మగవాళ్లు చిన్నపిల్లల్లా ముక్కులు తుడుచుకున్నారు. మాస్టారు తల తిప్పలేదు. కానీ కుర్చీ చెయ్యి మీద ఆయన అరచెయ్యి ఆని ఉంది. ఆ అదురు ఆయనకి అందుతోందని రూతు గమనించింది.

"ఇప్పుడు, మెరుపుతీగ ప్రోగ్రాములు ఒక్కటీ తప్పకుండా చూసిన ఏకైక అభిమాని..." ప్రసాద్ మైకులో గొంతు చించుకున్నాడు. "అంబాజీపేట బుల్లిరాజు గారు!"

చప్పట్ల మధ్య బుల్లిరాజు మెట్లెక్కాడు. పెట్టెకి దూరంగా, స్టేజీ అంచున నిలబడ్డాడు. మైకుని రెండు చేతులతో పట్టుకున్నాడు.

"అందరికీ నమస్కారవండి. నాకు మాట్లాడ్డం రాదు. ప్రసాద్ గారన్నట్టు అన్ని ప్రోగ్రాములూ చూసేనండి. ఆఖరిది కూడా చూసేను. ఆఖరిదాని గురించే చెప్తాను.

"అప్పటికి నాకు పందొమ్మిదేళ్లు. ఆలమూరు పందిట్లో టిఫిను టైముకి మాస్టారు నన్ను పిలిచి, రాజూ, పెట్టె జాగ్రత్త, కాపలా ఉండు అన్నారండి. అంతమందిలో నన్ను పిలిచేరు. నా కాళ్లు భూమ్మీద లేవు. ఆవేళ మద్రాసోళ్లు వచ్చేరని తెలుసు. మా ఊళ్లో ఎవరు ఏం కొనుక్కున్నా కాయ కొట్టందే ముట్టుకోం. సైకిలుకి కొడతాం, పంపుసెట్టుకి కొడతాం. మాస్టారు చర్చివోరు, ఆయన కొట్టరు. మురళీమోహన్ గారు గుడ్డ కప్పుతారే గాని కొట్టరు. ఇంత పెద్ద పెట్టెకి దిష్టి తీసినోడు లేడనుకున్నానండి.

"పొద్దున్నే మా నాన్న రాశిలోంచి కాయ ఏరుకొచ్చేను. నూట యాభై కాయలు ఊపేనండి, చెవి దగ్గర పెట్టుకుని. అన్నిట్లోకీ నీళ్లు ఎక్కువున్న కాయ ఏరేను. గుడ్డ తీసి, బొట్టెట్టి, అరచేతిలో కాయ కొట్టి, ఆ నీళ్లు మీటల మీద పోసేనండి. దణ్ణం పెట్టుకున్నాను. మా మేళం మద్రాసు ఎల్లాలి సామీ అని. తరవాత ఈ తువ్వాల్లాంటి తువ్వాలుతోనే బొట్టుతో సహా తుడిచేసి గుడ్డ కప్పేసేను. పైన తడి లేదండి. లోపలికి దిగిందని నాకు తెలవదు. అందులో ఏవుంటాదో నాకేం తెలుసు? నా మటుకు అది దేవుడు.

"స్వరం జారిపోతుంటే నాకు అర్థవైపోయింది. మురళీమోహన్ గారు వాసన అన్నారు. పక్కనోడు సారా అన్నాడు. నేను నోరు తెరిచేనండి. తెరిచి మూసేసేను. ఎందుకంటే ఎవరో ఎనకనించి, ఆ పెట్టె పాడుచేసినోణ్ణి గోదాట్లో ముంచాలన్నాడు. అన్నది కూడా మనలాంటి అభిమానేనండి. రేపు చెప్దాం అనుకున్నాను. ఎల్లుండి అనుకున్నాను. బుధవారం మాస్టారి ఇంటికెళ్లి చెప్దావని కాయలు అట్టుకుని ఎల్లేను. మాస్టారు నన్ను చూసి, నువ్వొక్కడివే వచ్చేవు రాజూ అన్నారు. ఆ మాటతో నా నోరు పడిపోయింది. మళ్లీ బుధవారం ఎల్లేను. అలా ముప్పయ్యేడేళ్లు బుధవారాలే అయ్యేయండి. ఆయన్ని చర్చిలో హార్మోనియం మీంచి లేపేసేరని తెలిసి కూడా కాయలు కొట్టిచ్చేనే గాని మాట చెప్పలేదు. ఆ నీళ్లు తాగి తియ్యగా ఉన్నాయి రాజూ అనేవోరు.

"మాస్టారు ఆవేళ తాగలేదండి. ఏవేళా తాగలేదు. రూతమ్మకి తెలిసిపోయింది. అది చదువుకున్న పిల్ల, నన్ను అందరి ముందూ నిలబెట్టొచ్చు. నిలబెట్టలేదు. అందుకని నేనే నిలబడ్డాను. ఫోటో తియ్యాల్సింది మాస్టారిది కాదండీ ప్రసాద్ గారూ, గ్రూపులోంచి నన్ను తీసెయ్యండి.

"మాస్టారండీ... అంత ఎనక కూచున్నారేంటండీ? ఆ చెవిన మీకు వినపడదు కదా. నేను చెప్పింది ఒక్క ముక్కా మీకు వినపడలేదు కదా. ఉండండి, నేనే అక్కడికి వస్తన్నాను. కుడి చెవిలో మళ్లీ మొదట్నించి చెప్తాను. కాయ కొట్టింది నేనండీ."